హోమియో గోళీలో మందెంత?

నమస్కారమండీ. హోమియో గురించి మాట్లాడతానంటే "తిట్టడానికేనా?" అన్నారు ముందు వరసలోంచి ఒక పెద్దాయన. తిట్టనండి. పాలకొల్లులో పుట్టిన అల్లు రామలింగయ్య గారు సినిమాల్లో నవ్విస్తూనే హోమియో మందులిచ్చేవారు, రాజమండ్రి ప్రభుత్వ హోమియో కాలేజీకి ఆయన పేరే పెట్టారు, అలాంటి చోట హోమియోని తీసిపారేస్తే ఎవరూరుకుంటారు? నేనడిగేది ఒక్కటే. తగ్గింది సరే, తగ్గించింది ఆ గోళీయేనా?

ఏ పదార్థం ఆరోగ్యవంతుడికి ఏ లక్షణం తెప్పిస్తుందో, రోగిలో ఆ లక్షణాన్ని అదే తగ్గిస్తుందని 1796లో జర్మనీ వైద్యుడు హానిమన్ అన్నాడు. ఆ పదార్థం ఒక పాలుకి స్పిరిట్ 99 పాళ్ళు కలిపి గట్టిగా కుదుపుతారు, అందులోంచి ఒక పాలు తీసి మళ్ళీ 99 పాళ్ళలో కలుపుతారు, ఇలా 30 సార్లు చేస్తే సీసా మీద 30 అని రాస్తారు. ధవళేశ్వరం దగ్గర గోదాట్లో ఒక చుక్క వేశారనుకోండి, అది అంతర్వేది దాటి ప్రపంచంలో సముద్రాలన్నిటిలో సమంగా కలిసిపోయినా, సుమారుగా 13వ సారికొచ్చే పలచదనమే. ఇంకా 17 సార్లు మిగిలే ఉంది! ఇంత పదార్థంలో ఇన్ని అణువులుంటాయని లెక్క చెప్పే అవగాడ్రో సంఖ్య ఇంటర్లో చదివాం కదా, ఆ లెక్కన 12 సార్లు దాటాక అసలు పదార్థం అణువు ఒక్కటి దొరకడమే గగనం. మదర్ టింక్చర్, అంటే ఇలా పలచన చెయ్యకముందున్న అసలు ద్రావణం, దాని సంగతి వేరు, అందులో సరుకు నిజంగానే ఉంటుంది.

పదార్థం మిగలకపోయినా దాని గుర్తు మిగులుతుందని, నీళ్ళకి జ్ఞాపకం ఉంటుందని హోమియో వాళ్ళంటారు. 1988లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త బెన్వెనిస్ట్ ఇలాంటి ఫలితమే నేచర్ పత్రికలో వేశాడు. ఆ పత్రిక ఎడిటరే మనుషుల్ని వెంటేసుకుని ల్యాబ్‌కి వెళ్ళి, ఏ గొట్టంలో ఏముందో చేసేవాళ్ళకి తెలియకుండా మళ్ళీ చేయిస్తే ఆ ఫలితం రాలేదు. 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి 176 అధ్యయనాలు చూసి, హోమియో పనిచేస్తుందనడానికి ఏ జబ్బు విషయంలోనూ నమ్మదగ్గ ఆధారం లేదని చెప్పింది. చిన్న అధ్యయనాల్ని పక్కన పెట్టేశారని హోమియో వాళ్ళు గొడవ చేశారు.

మరి మా అత్తయ్యకి దురద ఎలా తగ్గిందండీ అంటారు. ఎటు తిరిగి పడుకుంటావమ్మా, ఉప్పు ఇష్టమా తీపి ఇష్టమా, వానాకాలం ఎలా ఉంటుంది అని ఆ డాక్టరు అరగంట అడుగుతాడు, ఆవిడ మాట అంతసేపు ఇంట్లో ఎవరు విన్నారు చెప్పండి? పైగా దురద బాగా ముదిరాకే వెళతాం, ముదిరింది ఎలాగూ కొంత దిగుతుంది. ఉపశమనం అబద్ధమని నేననను. అది గోళీ వల్లేనని తేలాలంటే సగం మందికి ఉత్త పంచదార గోళీలివ్వాలి, ఎవరికేది వెళ్ళిందో డాక్టరుకి కూడా తెలియకూడదు.

జలుబుకి వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు మానెయ్యమని ఎవరైనా చెబితే మాత్రం, ముందు అవి రాసిన డాక్టరుని అడగండి. కుక్క కరిస్తే గోళీల కోసం చూడకుండా, సబ్బుతో కడిగి, అదేరోజు టీకాకి గవర్నమెంటాసుపత్రికి వెళ్ళండి.