అమెరికాలో కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు: రెండు క్లినిక్‌లు చూసిన నా రివ్యూ

నమస్కారం అండీ. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. రోజుకు 9, 10 గంటలు కుర్చీలోనే నా పని. మొన్న మార్చిలో డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీద్దామని వంగితే నడుము పట్టేసింది. కూర్చోలేను, లేవలేను. మాత్రలు వేసుకున్నాను, కాపడం పెట్టుకున్నాను, నాలుగు రోజులైనా తగ్గలేదు. ఇక ఫోన్ తీసి దగ్గర్లో కైరోప్రాక్టర్, అంటే వెన్నెముకను, కీళ్లను చేత్తో నొక్కి, కదిలించి నొప్పికి చికిత్స చేసేవాళ్లు, ఎవరున్నారని వెతికాను. బోలెడన్ని క్లినిక్‌లు కనిపించాయి, దాదాపు అన్నిటికీ ఐదు నక్షత్రాలే. ఆ నక్షత్రాలు చూసి మొదటి క్లినిక్‌కి వెళ్లాను. రెండోదానికి వెళ్లే ముందు మాత్రం అరగంట కూర్చుని వివరాలు చూసుకున్నాను. ఆ అరగంటలో ఏం చూశానో చెప్పడానికే ఈ వీడియో. క్లినిక్‌ల పేర్లు చెప్పను. మీరు న్యూజెర్సీలో ఉన్నా, సియాటెల్‌లో ఉన్నా మీకు పనికొచ్చేది ఈ చూసుకునే పద్ధతే.

మొదటి క్లినిక్‌లో కౌంటర్ దగ్గర అడిగాను, మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా అని. "తీసుకుంటాం" అన్నారు. ఆ ఒక్క మాట నమ్మి లోపలికి వెళ్లాను. డాక్టర్ గారు నన్ను సరిగ్గా వంచి చూడక ముందే ఎక్స్‌రేలు తీశారు. తర్వాత పెద్ద స్క్రీన్ మీద నా వెన్నెముక చూపించి, ఇలాగే వదిలేస్తే ముందు ముందు చాలా కష్టం అన్నారు. నొప్పిలో ఉన్న మనిషికి ఆ మాట వింటే ఎంత టెన్షన్ వస్తుందో చెప్పక్కర్లేదు. వెంటనే 36 విజిట్ల ప్యాకేజీ కాగితం ముందు పెట్టారు. డబ్బంతా ముందే కట్టాలి, ఈరోజే సంతకం పెడితే తగ్గింపు. నేను పెట్టలేదు. నాలుగు విజిట్లకు ఎలా ఉంటుందో చూడకుండా 36 విజిట్లకు డబ్బు కట్టమనే చోట మీరూ సంతకం పెట్టకండి. దయచేసి పెట్టకండి.

ఎక్స్‌రే సంగతి ఇంటికొచ్చాక చదివాను. అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్, అంటే వాళ్ల సొంత సంఘమే, 2017లో ఒక సూచన ఇచ్చింది. నడుము నొప్పి కొత్తగా వచ్చినప్పుడు, ప్రమాద లక్షణాలేవీ లేకపోతే, మొదటి 6 వారాల్లో ఎక్స్‌రే లాంటివి తీయొద్దని. ప్రమాద లక్షణాలంటే ఏమిటి? మూత్రం, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు బలహీనపడటం, జ్వరం, కిందపడి దెబ్బ తగలడం, ఒంట్లో క్యాన్సర్ ఉండటం. వీటిలో ఏదున్నా కైరోప్రాక్టర్ దగ్గరికి కాదు, నేరుగా డాక్టర్ దగ్గరికి. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా ఎమర్జెన్సీకే.

3 వారాల తర్వాత ఇన్సూరెన్స్ నుంచి లెక్కల కాగితం వచ్చింది. ఆ క్లినిక్ మా ప్లాన్‌కి అవుట్ ఆఫ్ నెట్‌వర్క్, అంటే మా ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేనిది. "తీసుకుంటాం" అంటే క్లెయిమ్ పంపుతాం అని మాత్రమే అర్థమట. బిల్లు దాదాపు మొత్తం నా మీదే పడింది.

సరే, ఇప్పుడు డిగ్రీ సంగతి. బోర్డు మీద డాక్టర్ అని ఉంటుంది, పేరు పక్కన డి.సి. అని ఉంటుంది. అంటే డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్. ఎం.డి. కాదు. టెక్సాస్‌లో వీళ్లు మందులు రాయలేరు, సర్జరీ చేయలేరు. అలాగని చదువు చిన్నదేం కాదు. వీళ్ల కాలేజీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ కనీసం 4,200 గంటల శిక్షణ అడుగుతుంది. ఆ తర్వాత జాతీయ బోర్డు పరీక్షలు నాలుగు భాగాలు పాసవ్వాలి, చివరగా రాష్ట్రం లైసెన్స్ ఇవ్వాలి. 50 రాష్ట్రాల్లోనూ లైసెన్స్ తప్పనిసరి. మా డాలస్‌లోనే పార్కర్ యూనివర్సిటీ ఈ చదువు చెప్తుంది.

ఆ లైసెన్స్ మీరే చూసుకోవచ్చు. టెక్సాస్‌లో అయితే టెక్సాస్ బోర్డ్ ఆఫ్ కైరోప్రాక్టిక్ ఎగ్జామినర్స్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టండి. లైసెన్స్ ఇంకా చెల్లుతోందా, ఎప్పుడైనా చర్య తీసుకున్నారా అన్నది అక్కడ తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు. గోడ మీద వేలాడే సర్టిఫికెట్లలో వీకెండ్ కోర్సులవి కూడా ఉంటాయి, వాటికీ లైసెన్స్‌కీ సంబంధం లేదు.

ఇక ఇన్సూరెన్స్. కార్డు వెనక ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేయండి, క్లినిక్ వాళ్ల మాట మీద ఆధారపడకండి. డాక్టర్ పేరు, క్లినిక్ అడ్రస్, వాళ్ల ఎన్‌పీఐ నంబర్ (వైద్యం చేసేవాళ్లకు ఉండే గుర్తింపు నంబర్) చెప్పి ఇన్ నెట్‌వర్కా అని అడగండి. ఏడాదికి ఎన్ని విజిట్లు? ఆ లెక్కలోనే ఫిజికల్ థెరపీ కూడా కలిపేస్తారా? ముందే అనుమతి కావాలా? అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కో విజిట్‌కి కోపే, అంటే ప్రతిసారీ కట్టే నిర్ణీత మొత్తం, కడితే చాలా, లేక ముందు డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యే ముందు ఏడాదిలో మనమే భరించాల్సిన మొత్తం, నిండాలా? మనవాళ్లలో చాలామందిది డిడక్టిబుల్ ఎక్కువగా ఉండే ప్లాన్. అలాంటప్పుడు "కవర్ అవుతుంది" అన్నా మొదట్లో డబ్బు మన జేబులోంచే పోతుంది. హెచ్‌ఎస్‌ఏ, అంటే వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా, ఉంటే అందులోంచి కట్టొచ్చు. వెన్నెముక అడ్జస్ట్‌మెంట్‌కి, అంటే చేత్తో విసురుగా నొక్కే ఆ చికిత్సకి, బిల్లింగ్ కోడ్‌లు 98940, 98941, 98942. ఈ కోడ్‌లు చెప్పి అడిగితే జవాబు సూటిగా వస్తుంది. ఫోన్ పెట్టేసే ముందు రిఫరెన్స్ నంబర్ రాసుకోండి.

ఇన్సూరెన్స్ లేకుండా సొంతంగా కట్టేవాళ్లు ముందే రాతపూర్వకంగా అంచనా అడగండి. 2022 జనవరి నుంచి అది మీ హక్కు. ఆ అంచనా కన్నా బిల్లు 400 డాలర్లు లేదా అంతకు మించి పెరిగితే అభ్యంతరం పెట్టొచ్చు. అమ్మానాన్నలకు మెడికేర్, అంటే పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్, ఉంటే ఒక్క సంగతి: కైరోప్రాక్టర్ చేత్తో చేసే వెన్నెముక అడ్జస్ట్‌మెంట్ వరకే ఇస్తుంది. ఆయన తీయించే ఎక్స్‌రేకి, మసాజ్‌కి ఇవ్వదు.

ఇవన్నీ చూసుకున్నాకే రెండో క్లినిక్‌కి వెళ్లాను. ఆవిడ 25 నిమిషాలు ప్రశ్నలడిగారు, కాళ్లు ఎత్తించారు, మడమల మీద నడిపించారు. ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. వారానికి రెండుసార్లు, 3 వారాలు చూద్దాం, తగ్గకపోతే మీ డాక్టర్‌కి నేనే రాస్తాను అన్నారు. అడ్జస్ట్‌మెంట్‌లో టక్‌మని చప్పుడొస్తే భయపడ్డాను. కీలులోని ద్రవంలో గ్యాస్ వల్ల వచ్చే చప్పుడే అది, ఎముక ఎక్కడికో జరిగిందని కాదు అని వివరించారు. రెండు వ్యాయామాలు నేర్పారు. ఐదో విజిట్‌కి నేను మామూలుగా వంగగలిగాను. అడ్జస్ట్‌మెంట్ వల్లేనా, వ్యాయామం వల్లా, రోజులు గడవడం వల్లా? కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది కాబట్టి మొత్తం పుణ్యం ఆవిడకే ఇవ్వను. కానీ మళ్లీ వెళ్లాల్సి వస్తే అక్కడికే వెళ్తాను.

మెడకి మాత్రం అడ్జస్ట్‌మెంట్ చేయించుకోలేదు. మెడను విసురుగా తిప్పినప్పుడు రక్తనాళం చిరిగి స్ట్రోక్ వచ్చిన కేసులు అరుదుగానైనా ఉన్నాయి. ఆ సంగతి అడిగితే ఆవిడ దాచకుండా చెప్పి, వద్దంటే వద్దు అన్నారు.

ఇదంతా విని విజయవాడ నుంచి మా అమ్మ అడిగింది, ఇక్కడ కూడా ఎముకలు విరిచే వీడియోలు వస్తున్నాయి కదా, నేనూ వెళ్లనా అని. అమెరికాలోలా లైసెన్స్ చూసుకునే కైరోప్రాక్టిక్ బోర్డు మన తెలుగు రాష్ట్రాల్లో లేదు. పైగా అమ్మకి ఎముకలు గుల్లబారాయి, అలాంటివాళ్లకి ఆ విసురు ప్రమాదం. వద్దమ్మా అని చెప్పాను. ఆర్థోపెడిక్ డాక్టర్ రాసిచ్చిన ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళ్తోంది.