ఒకే షాంపేన్, రెండు మార్కులు

నమస్తే. వెనక వరుసల్లో వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

పెద్ద వైన్ ఈవెంట్‌లో షాంపేన్లను రుచి చూసి ఎలా పోల్చాలో మాట్లాడమన్నారు నన్ను. ఆ ముక్క చెప్పాలంటే, పోల్చబోయి నేను బొక్కబోర్లా పడ్డ రోజు గురించి ముందు చెప్పాలి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్ళు కాబట్టి రేపు మీరూ అక్కడే పడతారు, నన్ను చూసి ఒకసారి తగ్గించుకోండి.

జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌లో ప్రోవైన్ అని మూడు రోజుల వైన్ సంత జరుగుతుంది. 1994 నుంచీ జరుపుతున్నారు, మామూలుగా మార్చిలో. వ్యాపారంలో ఉన్నవాళ్ళనే రానిస్తారు, సరదాగా తాగిపోదామని వచ్చేవాళ్ళకి ప్రవేశం లేదు. హాలు తర్వాత హాలు, ఎక్కడ చూసినా బల్లలు, బల్లల మీద ఐసు బకెట్లు. షాంపేన్ వాళ్ళకి అందులోనే ఒక లాంజ్. మొదటిసారి వెళ్ళినప్పటికి నేను లండన్‌లో ఏడేళ్ళుగా సొమెలియేగా, అంటే రెస్టారెంట్‌లో వైన్లు ఎంచి పోసేవాడిగా, పని చేస్తున్నాను, నా నాలుక మీద నాకు బోలెడు నమ్మకం. చేతిలో చిన్న నోట్‌బుక్, ప్రతి గ్లాసుకీ ఒక నంబరు, 20కి మార్కులు.

రాత్రి హోటల్ గదిలో బూట్లు విప్పి, మంచం మీద కూర్చుని నోట్‌బుక్ తిరగేశాను. నంబరు 9: "పులుపు ఎక్కువ, మూసుకుపోయి ఉంది, వాసన లేదు, 14." నంబరు 31: "వేయించిన జీడిపప్పు, నిమ్మతొక్క, మింగాక కూడా నోట్లో నిలిచింది, 17." రెండు పేజీలూ మూడుసార్లు చదివాను. రెండూ ఒకే షాంపేన్! అదే రైతు, అదే పేరు, అదే లేబుల్. పొద్దున ఆ రైతు సొంత బల్ల దగ్గర తాగాను, సాయంత్రం దాన్ని దిగుమతి చేసుకునే వాళ్ళ బల్ల దగ్గర తాగాను. పేరు రాసుకున్నాను గానీ చూసుకోలేదు. పక్క మంచం మీదున్న నా కొలీగ్‌కి చెప్పడానికి కూడా సిగ్గేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు నాదా, వైన్‌దా? ఇంకోసారి నోట్‌బుక్ చూస్తే నంబరు 8 దగ్గర సగం సమాధానం దొరికింది. అది దెమీ సెక్. మీకు సిలబస్‌లో ఉండే ఉంటుంది, షాంపేన్‌లో చివర కలిపే తీపిని డోసాజ్ అంటారు, లీటరుకి ఇన్ని గ్రాములని లెక్క. బ్రూట్ నేచర్ అంటే 3 గ్రాముల లోపు, ఎక్స్‌ట్రా బ్రూట్ 6 దాకా, బ్రూట్ 12 దాకా, దెమీ సెక్ అయితే 32 నుంచి 50. ఒక కోలా లీటరులో 100 గ్రాముల పైనే ఉంటుంది కాబట్టి 50 అంటే మరీ పాకమేం కాదు, కానీ దాని వెంటనే నేను తాగిన నంబరు 9 ఎక్స్‌ట్రా బ్రూట్. లడ్డూ తిన్న నోటితో టీ తాగితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా దారిలో ఎవరో నవ్వుతూ గ్లాసు అందిస్తే కాదనలేక తాగేశాను. మొహమాటానికి మార్కులు పోయాయి, అదీ నావి కాదు, పాపం ఆ రైతువి.

అది సగమే అన్నాను కదా. రెండో సగం నా ఫోన్‌లో దొరికింది, ఎందుకంటే వెనక లేబుల్ ఫొటో తీసే అలవాటు నాకుంది, ఆ ఒక్క మంచి అలవాటు మాత్రం ఉంది. పొద్దున తాగిన సీసా వెనక డిస్‌గార్జ్‌మెంట్ తేదీ అదే ఏడాది జనవరి. సాయంత్రం సీసాది అంతకు ముందు సంవత్సరం. ఇది కాస్త నిదానంగా చెబుతాను, మీరు రేపు గెస్ట్‌కి అమ్మేటప్పుడు పనికొచ్చేది ఇదే.

షాంపేన్‌లో బుడగలు బయటినుంచి ఎక్కించినవి కావు. మామూలు తెల్ల వైన్ తయారయ్యాక అందులో ఈస్ట్, లీటరుకి సుమారు 24 గ్రాముల చక్కెర కలిపి సీసాలో పోసి మూత బిగిస్తారు. సీసాలోనే మళ్ళీ పులుస్తుంది, అప్పుడు పుట్టే గ్యాస్ బయటికి పోయే దారి లేదు కాబట్టి వైన్‌లోనే కరుగుతుంది. ఒత్తిడి 6 బార్ దాకా పోతుంది, మీ కారు టైరులో ఉండేదానికి రెండింతల పైనే, అందుకే సీసా అంత మందం. పనైపోయిన ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిలా చేరుతుంది. దాన్ని లీస్ అంటారు. ఆ మడ్డి మీదే వైన్ నెలలు, ఏళ్ళు పడుకుంటుంది. ఏ సంవత్సరమూ రాయని మామూలు షాంపేన్‌కి మొత్తం 15 నెలలు తప్పనిసరి, వింటేజ్‌కి, అంటే ఒకే ఏడు పంటతో చేసినదానికి, 3 ఏళ్ళు, మంచి చోట్ల అంతకన్నా చాలా ఎక్కువే ఉంచుతారు. రొట్టె కాల్చిన వాసన అంటారే, అది చాలావరకు అక్కడినుంచే వస్తుంది. చివరికి సీసాని తలకిందులు చేసి, మడ్డి మెడలోకి దిగాక, మెడని గడ్డకట్టించి మూత తీస్తే ఆ ముక్క ఎగిరి బయటపడుతుంది. ఇదే డిస్‌గార్జ్‌మెంట్. తగ్గినంత మేర వైన్, తీపి కలిపి కార్క్ కొడతారు.

అంటే ఏళ్ళ తరబడి కదలకుండా పడుకున్న వైన్‌ని ఒక్కసారి లేపి, కుదిపి, గాలి తగిలించి, చక్కెర పోశారన్నమాట. లేచీ లేవగానే మనిషిని పలకరిస్తే ఎలా ఉంటాడు? ముభావంగా ఉంటాడు. వైనూ అంతే, అందుకే బయటికి పంపే ముందు కొన్ని నెలలు ఆపుతారు. ఈ రైతుకి సంత దగ్గరపడి తొందరైనట్టుంది. సాయంత్రం సీసాకి ఏడాది పైన తీరిక దొరికింది, అందుకే జీడిపప్పు వాసనదాకా వచ్చింది.

పెద్ద కంపెనీలకి ఈ సంగతి బాగా తెలుసు. క్రూగ్ వాళ్ళు 2011 నుంచీ ప్రతి సీసా వెనక ఒక నంబరు వేస్తున్నారు, దాంతో వెతికితే ఏ మూడు నెలల్లో డిస్‌గార్జ్ చేశారో తెలుస్తుంది. బోలాంజే వాళ్ళయితే దీన్నే పేరుగా పెట్టుకున్నారు, వాళ్ళ ఆర్.డి. అంటే ఈమధ్యే డిస్‌గార్జ్ చేసినది అనే అర్థం; 1952 పంటని 1967లో అలా మొదటిసారి అమ్మారు. జాక్‌సోన్ వాళ్ళది ఇంకో దారి. 2000 పంటతో చేసినదానికి 728 అని నంబరు ఇచ్చి, అక్కణ్ణుంచి ఏటా ఒకటి పెంచుకుంటూ పోయారు, ప్రతి ఏడాదీ ఒకేలా ఉండాలన్న పట్టుదల వదిలేసి. నాకు ఇదే నచ్చుతుంది. లేబుల్ మారకపోతే లోపల కూడా మారలేదనుకోవడం మన బద్ధకం.

ఈ మాట కొత్తదేం కాదు. మాది నల్లగొండ వైపు. మా పెద్దబాపు కల్లు తాగేటప్పుడు ఒంటి చెట్టు కల్లు తప్ప ముట్టేవాడు కాదు. లొట్టి దించగానే దొప్పలో ఒక గుక్క పోయించుకుని, ఇది పోతుతాడా పండుతాడా, పొద్దున గీసిందా నిన్నటిదా చెప్పేవాడు, చాలాసార్లు కరెక్టుగా. షాంపేన్ వాళ్ళది మొదటినుంచీ దీనికి తలకిందులు పద్ధతి. షాంపేన్ అంటే ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం పేరు కూడా, చలి ప్రాంతం, పారిస్‌కి తూర్పున, ఒక్కో ఏడు ద్రాక్ష సరిగ్గా పండదు. అందుకని ఊళ్ళన్నీ, ఏళ్ళన్నీ కలిపి, పాత వైన్ కొంత దాచి పెట్టుకుని, అందులోంచి ప్రతి ఏడాదీ ఒకే రుచి పట్టుకురావడమే పనితనం అనుకున్నారు. ఇప్పుడు అక్కడి అవీజ్ ఊళ్ళో షాంపేన్ చేసే సెలోస్ లాంటి వాళ్ళని చూసి చిన్న రైతులు మళ్ళీ ఒంటి చెట్టు వైపు వస్తున్నారు, ఒకే ఊరు, ఒకే పొలం. రెండూ కరెక్టే. కాకపోతే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అని అడిగితే మాత్రం ఆ ప్రశ్నకి అర్థం లేదు.

మరి పోల్చడం ఎలా? ఒక్క తేడా ఉంచి, మిగతావన్నీ వీలైనంత ఒకేలా పెట్టుకోవాలి. ఆ రాత్రి తర్వాత నేను పెట్టుకున్న రూలు ఇదొక్కటే. రెండో రోజు పొద్దున లాంజ్‌కి వెళ్ళి, పూర్తిగా షార్డొనే ద్రాక్షతో చేసిన ల మెనిల్ ఊరిది ఒకటి, పూర్తిగా పీనో న్వార్‌తో చేసిన ఆంబొనే ఊరిది ఒకటి తీసుకున్నాను, రెండూ ఒకే పంట సంవత్సరం, డోసాజ్ దగ్గర దగ్గరగా. మొదటిది సన్నగా, నిటారుగా, పచ్చిమామిడి పులుపు, తడిసిన సుద్దముక్క. రెండోది వెడల్పుగా నోరంతా ఆక్రమించింది, ఎర్ర పండ్ల వాసన, చివర్లో కాస్త వగరు. (పీనో న్వార్ నల్ల ద్రాక్షే. తొక్క రంగు దిగకముందే మెల్లగా పిండేస్తారు కాబట్టి రసం తెల్లగా వస్తుంది. 4000 కిలోలు పిండితే 2550 లీటర్లే తీసుకోవాలని అక్కడ రూలు.) అప్పుడు మొదటిసారి నాకు ద్రాక్ష రకం తేడా నాలుక మీద తెలిసింది, పుస్తకంలో కాదు. ఆ తర్వాత ఒక రైతు ఒకే వైన్‌ని 0, 4, 8 గ్రాముల డోసాజ్‌తో మూడు సీసాలుగా పోశాడు. అది చూడాల్సిన వింత. 4 గ్రాములంటే నాలుకకి తీపిగా తగలదు, కానీ పండు వాసన ఒక్కసారి తెరుచుకుంటుంది, వంకాయ పులుసులో చివర్లో చిటికెడు బెల్లం వేసినట్టు.

ఇంకో రెండు సంగతులు, ఇవి నేరుగా మీ పనికి సంబంధించినవి. ఒకటి చల్లదనం. 8 నుంచి 10 డిగ్రీలు చాలు. సంతలో సీసాలు పొద్దుటినుంచీ ఐసులో మునిగే ఉంటాయి, అంత చలిలో వాసన బిగుసుకుపోతుంది, గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని కాసేపు ఆగండి, ఎవరూ ఏమీ అనుకోరు. రెండోది గ్లాసు. బుడగ తనంతట తను పుట్టదు, దానికి గ్లాసు లోపల అంటుకున్న సన్నటి నూలుపోగో దుమ్ముకణమో కావాలి. రేంస్ యూనివర్సిటీలో జెరార్ లిజే-బెలేర్ అని భౌతిక శాస్త్రవేత్త, దీని మీదే పరిశోధనలు చేశారు. అంటే మీరు గ్లాసు తుడిచే గుడ్డ కూడా షాంపేన్ తీరుని మారుస్తుంది! సబ్బు సరిగ్గా కడగకపోతే నురగ నిలవదు. బుడగలు తక్కువొచ్చాయని వైన్‌ని తిట్టే గెస్ట్ ముందు కొత్త గ్లాసులో పోసి చూపించండి.

వాసన పేర్ల గురించి భయపడకండి. బ్రియోష్ (వెన్న వేసి చేసే ఫ్రెంచ్ రొట్టె), క్విన్స్ అని ఇంగ్లిష్ పుస్తకాల్లో రాస్తారు, నేను క్విన్స్ పండు చూసింది ముప్పై ఏళ్ళకి. నా నోట్‌బుక్‌లో పేలాలు ఉంటాయి, నిమ్మాకు ఉంటుంది, వెన్న కాగబెట్టిన వాసన ఉంటుంది. పరీక్షలో వాళ్ళ మాటలు రాయండి, నోట్‌బుక్‌లో మీ మాటలు రాసుకోండి. ఉమ్మడం నేర్చుకోండి. పదిమందిలో ఉమ్మితే చెంప పగలగొట్టే ఇంట్లో పెరిగినవాణ్ణి, స్పిటూన్ ముందు నిలబడితే నాకు వారం రోజులు నోరు రాలేదు, ఇంట్లో సింక్ దగ్గర మంచినీళ్ళతో ప్రాక్టీస్ చేశాను. మింగుతూ పోతే పదో గ్లాసు తర్వాత అన్నీ గొప్పగానే ఉంటాయి.

మూడో రోజు ఆ రైతు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. మొదటి రోజు ఫొటోలు చూపించి, నా రెండు మార్కులూ చెప్పేశాను. ఆయన నవ్వి, బల్ల కింద నుంచి ముందు సంవత్సరం తేదీ ఉన్న సీసా తీసి, జనవరిది పక్కన పెట్టి, ఒకేలాంటి రెండు గ్లాసుల్లో పోశాడు. తేడా ఉంది. కానీ మూడు మార్కుల తేడా లేదు, ఒకటో ఒకటిన్నరో. మిగతాది నా లడ్డూ.

ఇక్కడ బల్ల మీద పేపరు చుట్టిన సీసాలు రెండున్నాయి. ఒకే ద్రాక్ష, ఒకే సంవత్సరం, తేడా ఒక్కటే, అదేంటో ఇప్పుడు చెప్పను. 21 నిండనివాళ్ళు వాసన చూసి పక్కవాళ్ళకి ఇచ్చేయండి, తెలంగాణలో రూలు రూలే. పొద్దున టిఫిన్‌లో అల్లం పచ్చడి తిన్నవాళ్ళు ముందు నీళ్ళు తాగండి. ఎడమ చేతి వైపు దానితో మొదలుపెట్టండి, పక్కవాళ్ళ కాగితం చూడొద్దు.