శరణార్థుల బతుకుతో నవ్వించవచ్చా? స్టూడియో చర్చ

యాంకర్: గ్రీస్‌లోని లెస్బోస్ దీవి ఒడ్డున చైనా కళాకారుడు ఐ వేవే బోర్లా పడుకున్నారు. 2015 సెప్టెంబరులో టర్కీ తీరానికి శవమై కొట్టుకొచ్చిన సిరియా శరణార్థి పసివాడు అలన్ కుర్దీలాగా! ఇండియా టుడే పత్రిక కోసం తీసిన ఆ ఫొటో మీద 2016లో రచ్చ నడిచింది. నా ప్రశ్న ఒక్కటే. శరణార్థుల కష్టంతో నవ్వించవచ్చా?

ఫొటో జర్నలిస్టు: నవ్వు సంగతి తర్వాత. పసివాడి శవాన్ని నటిస్తారా? జరిగింది తీస్తేనే ఫొటో. సెట్ చేసి తీస్తే షూటింగ్.

అధ్యాపకురాలు: అది నాకూ నచ్చలేదండీ. అందులో హాస్యమూ లేదు. సిరియా ఫొటోగ్రాఫర్ ఒమర్ ఇమామ్ చేసింది వేరు. డమాస్కస్ వదిలి బీరూట్ చేరిన మనిషి ఆయన. లెబనాన్ గుడారాల్లో సిరియా శరణార్థులతో కూర్చుని, వాళ్ల మనసులో ఉన్నది...

ఫొటో జర్నలిస్టు: కెమెరా ఉన్నవాడు అడిగితే కాదంటారా మేడమ్? షూటింగే అది కూడా!

అధ్యాపకురాలు: పూర్తి చేయనివ్వండి. డ్రాగన్‌నై ఈ గుడారంలో ఉన్నవన్నీ తగలబెట్టాలని ఉందని ఒకామె చెప్పింది. ఆ కోరికనే ఇద్దరూ కలిసి ఫొటో చేశారు.

యాంకర్: అంటే నవ్వించారు. అది సరైనదేనా?

అధ్యాపకురాలు: ఆ వెటకారం ఆమెదండీ. సాయం కోసం క్యూలో నిలబడితే ఏడుపు ముఖమే అడుగుతారు. ఇక్కడ తనకు నచ్చిన వేషం తను వేసుకుంది.

కార్టూనిస్టు: మన పగటి వేషగాళ్లూ అంతే. ఊరి పెద్దల్ని వాళ్ల ఎదుటే...

ఫొటో జర్నలిస్టు: పగటి వేషాలెందుకు సార్ ఇప్పుడు? లెబనాన్‌లో పేరు నమోదైన సిరియన్లే 2014లో పది లక్షలు దాటారు. వాళ్లకు కావాల్సింది డ్రాగనా, రొట్టెనా? మన హైదరాబాద్ బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థులు లేరూ? 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకమే చేయలేదు. దాని గురించి మాట్లాడండి!

యాంకర్: బాలాపూర్‌లో ఇలాంటి ఫొటో తీస్తే మనం నవ్వగలమా?

అధ్యాపకురాలు: ఆ మాట బాలాపూర్ వాళ్లను అడగాలి. మనమే వాళ్ల తరఫున...

ఫొటో జర్నలిస్టు: అడగక్కర్లేదు! ఆకలితో ఉన్నవాడికి వేషాలేమిటి? మళ్లీ చెబుతున్నా, సెట్ చేస్తే అది ఫొటోనే కాదు!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

కార్టూనిస్టు: ఫ్రాన్స్ వ్యంగ్య పత్రిక చార్లీ హెబ్డో అలన్ మీద వేసిన కార్టూన్ సంగతి కూడా...

యాంకర్: టైమ్ లేదు సార్. ఆకలి ముందు వేషాలేమిటన్న మాటతో బ్రేక్‌కి వెళ్దాం.

అధ్యాపకురాలు: ఆ వేషం ఎవరు ఎంచుకున్నారన్నదే కదండీ నేను...

ఫొటో జర్నలిస్టు: ఎవరు ఎంచుకుంటే ఏంటి మేడమ్!