ఆరు పల్టీలూ అద్భుతం, కానీ చెవులు వాచాయి | రోలర్ కోస్టర్ రివ్యూ

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ముందుగా ఒక మాట. ఈ రైడు కోసం పార్కు వాళ్ళు నాకు రెండు ఉచిత టికెట్లు పంపారు. డబ్బు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. అయినా మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. పార్కు పేరు మాత్రం చెప్పను. నా కోపం అక్కడ పనిచేసేవాళ్ళ మీద కాదు, ఆ రైలు సీటు మీద.

ఎత్తు ఎంత, వేగం ఎంత అన్న లెక్కలు ఈపాటికి మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను మళ్ళీ చదవను. రైలును స్టేషన్ నుంచి వెనక్కి లాగి, నిటారుగా లేచిన పట్టా మీదికి ఎక్కించి వదిలేస్తారు. అది మూడు పల్టీలు కొట్టి అవతలి ఎత్తు ఎక్కుతుంది. మళ్ళీ అదే దారిలో వెనక్కి వస్తూ ఇంకో మూడు. వెనక్కి లాగుతున్నంతసేపూ మన ముఖం నేల వైపు ఉంటుంది, ఒంటి బరువంతా భుజాల మీది బారు మోస్తుంది. ఒక్క క్షణం అంతా ఆగిపోతుంది. ఆ తరువాత వదిలినప్పుడు కడుపులో పుట్టే ఖాళీ ఉంది చూడండి, దానికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఇక ఆ బారు సంగతి. తల మీదుగా దిగి రెండు భుజాల మీద కూర్చునే బారు అది. మెడకు అటూ ఇటూ రెండు గట్టి రబ్బరు దిమ్మెలు. సరిగ్గా నా చెవుల ఎత్తులో ఉన్నాయి. మొదటి పల్టీలో కుడి చెవి తగిలింది. రెండో పల్టీలో ఎడమ చెవి ఎంత గట్టిగా కొట్టుకుందంటే, కమ్మ వెనక ఉండే శీల చెవి వెనక చర్మంలో గుచ్చుకుంది. దిగి అద్దంలో చూసుకుంటే చిన్న ఎర్రటి చుక్క, చుట్టూ వాపు. రైలు కదిలే ముందు కళ్ళజోడు తీయమన్నారు, చెప్పులు విడవమన్నారు. కమ్మల మాట ఎవరూ ఎత్తలేదు. ఆడపిల్లలు సగం మంది కమ్మలతోనే ఎక్కుతారు కదా, ఆ ఒక్క మాట బోర్డు మీద రాస్తే ఏం పోయింది?

నాతో పాటు కర్నూలు నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. అన్నకు ఇవంటే పిచ్చి. తిరుగు ప్రయాణంలో బస్సంతా మా వాదనే. "దెబ్బ తగలకపోతే రోలర్ కోస్టర్ ఎక్కినట్టు ఎలా ఉంటుందమ్మా, ఇంటి ముందు ఉయ్యాల ఎక్కితే సరిపోతుంది కదా" అంటాడు. "అన్నా, భయం వేరు, నొప్పి వేరు. నేను భయపడటానికి వచ్చాను, చెవి వాయించుకోవడానికి కాదు" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

తల ఎందుకు కొట్టుకుంటుందో అర్థం కావాలంటే నల్లమల ఘాటు రోడ్డులో బస్సు ప్రయాణం గుర్తు తెచ్చుకోండి. మలుపుల్లో కూర్చున్నవాళ్ళ కంటే నిలబడ్డవాళ్ళ తల ఎక్కువ ఊగుతుంది. రోలర్ కోస్టర్‌లోనూ అంతే. పాత పద్ధతిలో పట్టా మెలి తిరిగినప్పుడు రైలు పట్టాను ఇరుసుగా చేసుకుని తిరిగేది. తల ఆ ఇరుసుకు దూరంగా ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా పక్కకు విసురుకుపోతుంది. ఇప్పటి ఇంజనీర్లు మనిషి గుండె ఎత్తును ఇరుసుగా తీసుకుని, దాని చుట్టూ పట్టాను తిప్పుతున్నారు. అప్పుడు పట్టా మెలికలు పోతుంది, మనిషి నిలకడగా ఉంటాడు.

పల్టీ ఆకారమూ అలాగే మారింది. 1895లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని ఒకటి కట్టారు. దాని పల్టీ పూర్తి గుండ్రం. లోపలికి దూరగానే బరువంతా ఒక్కసారి మీద పడి మెడలు పట్టేసేవట. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే రోలర్ కోస్టర్ వచ్చింది. దాని పల్టీ కన్నీటి చుక్క ఆకారంలో ఉంటుంది. ఆ లెక్కలు వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరువి. నాకు అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి. మొదట్లో ఆ రైలులో భుజాల బార్లు లేవు, ఒళ్ళో పడే బారు ఒక్కటే. పల్టీ కొట్టినా ఎవరూ పడిపోలేదు, ఆ వేగమే మనిషిని సీటుకు అదిమి ఉంచుతుంది. తరువాత భుజాల బార్లు తెచ్చి పెట్టారు, తలలు కొట్టుకుంటున్నాయని జనం ఏళ్ళ తరబడి గోల పెట్టారు. 2016లో మళ్ళీ ఒళ్ళో బార్లున్న రైళ్ళు వచ్చాయి. బస్సులో ఈ కథ చెబితే అన్న కాసేపు మాట్లాడలేదు.

తరువాత మాత్రం గట్టి మాటే అన్నాడు. మహారాష్ట్రలో ఖోపోలి దగ్గర ఇమాజికా పార్కులో ఉన్న నైట్రో అనే రోలర్ కోస్టర్ మేమిద్దరం ఎక్కాం. ఐదు పల్టీలు, కాళ్ళ కింద నేల ఉండదు. దానికీ భుజాల బార్లే, అయినా తల నిమ్మళంగా ఉంది. "అయితే తప్పు బారుది కాదు, పట్టాది" అన్నాడు. ఒప్పుకున్నాను. పట్టా నున్నగా ఉంటే ఏ బారైనా సరే. పట్టాలో కుదుపు ఉన్నప్పుడు మాత్రం చెవుల పక్కన గట్టి దిమ్మె పెట్టడం అన్యాయం. ఇప్పుడు మెత్తటి పట్టీలతో చొక్కాలా ఒంటికి ఒదిగే బార్లు వస్తున్నాయి, కనీసం అవైనా వేయవచ్చు.

చిన్నప్పుడు కడప పెద్ద దర్గా ఉరుసుకు వెళ్ళినప్పుడు డ్రాగన్ రైలు ఎక్కేవాళ్ళం. ఒళ్ళో అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, అంతే. మలుపులో చేతులు పైకెత్తితే గాలి చంకల్లోంచి దూసుకుపోయేది. రోలర్ కోస్టర్ల మీద నా ఇష్టం అక్కడే మొదలైంది. ఆ గాలి ఈ రైడులో నాకు తగలలేదు, ఆ రబ్బరు దిమ్మెలు అడ్డం.

అయినా ఎక్కుతాం అనేవాళ్ళకు: కమ్మలు తీసేయండి, జుట్టు ముడి తల వెనక కాకుండా కింద వేసుకోండి, తలను సీటుకు వెనక్కి ఆనించి గట్టిగా నొక్కి పెట్టండి. చక్రాల మీదికి వచ్చే వరుస వద్దు, బస్సు వెనక సీటులాగే అక్కడ కుదుపు ఎక్కువ. మెడ నొప్పి, నడుము నొప్పి ఉన్నవాళ్ళు దయచేసి ఎక్కవద్దు.

నా తీర్పు: అన్న దీనికి పదికి తొమ్మిది ఇచ్చాడు. నేను నాలుగు ఇస్తున్నాను, ఆ నాలుగూ వెనక్కి లాగి వదిలిన ఆ క్షణానికే. పార్కు వాళ్ళు ఈ వీడియో చూస్తుంటే ఒకటే అడుగుతున్నాను. ఈ సీట్లు మార్చండి. మార్చిన రోజు ఉచిత టికెట్ అక్కర్లేదు, నా డబ్బుతో నేనే వచ్చి ఎక్కుతాను.