347లో పదులెన్ని?

అందరికీ నమస్కారం. మూడో తరగతి బోర్డు మీద 347 రాసి, ఇందులో పదులెన్ని అని అడగండి. నాలుగు అంటారు. పదుల స్థానంలో ఉన్న అంకె నాలుగే కాబట్టి మనమూ సరే అనేస్తాం. నిజానికి అందులో ఉన్నవి 34 పదులు. ఇది తేలకుండా సవరించడం (రౌండింగ్, అంటే సంఖ్యను దగ్గరి పదికో వందకో మార్చడం) మొదలుపెడితే, 398ని దగ్గరి పదికి సవరించమన్నప్పుడు 3100 వస్తుంది. చివర ఎనిమిది ఉంది కాబట్టి పిల్లవాడు తొమ్మిదికి ఒకటి కలిపాడు, వచ్చిన పదిని అక్కడే రాశాడు, చివర సున్నా పెట్టాడు. పాపం, మనం చెప్పిన సూత్రమే పాటించాడు. 39 పదులకీ 40 పదులకీ మధ్య ఉందని తెలిసినవాడు 400 అంటాడు.

అందుకని ముందు చీపురు పుల్లలు. పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు, అలాంటి పది కట్టలకు ఒక పెద్ద బ్యాండు. మూడు పెద్ద కట్టలు, నాలుగు చిన్నవి, ఏడు విడి పుల్లలు బల్ల మీద పెట్టండి. ఇప్పుడు పెద్ద బ్యాండ్లు మాత్రమే విప్పించి, చిన్న కట్టలు లెక్కపెట్టించండి. కట్టించడం అందరం చేస్తాం, విప్పించడమే మరిచిపోతాం. తరగతికి ఒక్క సెట్టు చాలు.

మన హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. ఇంట్లో ఉర్దూ వినే పిల్లలకు 29 అంటే ఉన్తీస్. చెవిన పడేది తీస్, అంటే ముప్పై. దాంతో 39 రాసేస్తారు. రెండు పదులు తొమ్మిది అని కట్టలు పట్టుకుని చెప్పించండి. ఉన్తీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ కదా, సవరించేటప్పుడు ఆ పేరే అక్కరకొస్తుంది.

సవరించడమంటే దూరం చూడటం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్ నంబరుతో అడ్రసు చెప్పుకునేవాళ్లం, వేరే సంఖ్యారేఖ ఎందుకు? 143వ పిల్లర్ దగ్గరున్నాం. 140కి మూడు పిల్లర్లు, 150కి ఏడు. 145 దగ్గర అటు ఐదు, ఇటు ఐదు. అక్కడ పైకి పోవడం మనం పెట్టుకున్న ఒప్పందం, అంతే. బస్సు నంబర్లతో మాత్రం ఈ లెక్క చేయించకండి, అవి రూట్ల పేర్లే, 218కీ 220కీ మధ్య కొలిచే దూరమేమీ లేదు.

ఇక 347ని దగ్గరి వందకి సవరించమంటే కొందరు ముందు 350 చేసి, దాన్ని 400 చేస్తారు. 300, 400 రెండు చివర్లా రాయించి, నడుమ 350 పెట్టించండి. 347 దానికి ఇవతలే ఉంది, కాబట్టి 300. ఎన్నో స్థానానికి సవరించినా, మొదట ఇచ్చిన సంఖ్య నుంచే మొదలుపెట్టించండి.