మెదడు స్కాన్ చూసి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు వస్తుందో రాదో చెప్పొచ్చా?

[తెరపై: పక్కపక్కన రెండు ఎమ్మారై చిత్రాలు]

ఈ రెండూ ఒకే మనిషివి, రెండేళ్ల తేడాతో తీసినవి. తేడా కనిపించిందా? రేడియాలజిస్టు చూసినా రెండింటికీ "నార్మల్" అనే రాస్తారు. ఉన్న తేడా కంటికి ఆనదు, కొలిస్తేనే తెలుస్తుంది.

స్కిజోఫ్రీనియా 100 మందిలో సుమారు ఒకరికి వస్తుంది. అమ్మకో నాన్నకో ఉంటే, పిల్లల్లో 100కి దాదాపు 10 మందికి. మిగతా 90 మందికి రాదు, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. మరి ఆ 10 మంది ఎవరు?

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో సైకియాట్రిస్టు ఈవ్ జాన్‌స్టన్ బృందం 1994లో ఈ ప్రశ్నే పట్టుకుంది. దగ్గరి బంధువుల్లో కనీసం ఇద్దరికి జబ్బున్న, 16 నుంచి 25 ఏళ్ల వాళ్లను పదేళ్ల పాటు గమనిస్తూ, మళ్లీమళ్లీ స్కాన్ చేశారు. తర్వాత జబ్బు బయటపడినవాళ్లలో టెంపోరల్ లోబ్ (మెదడులో చెవుల పక్కనుండే భాగం) కింది భాగంలో గ్రే మ్యాటర్ (నాడీకణాలు ఎక్కువగా ఉండే పదార్థం) ఒక స్కాన్‌కీ మరో స్కాన్‌కీ మధ్య తగ్గుతూ వచ్చింది. ఒక్క స్కాన్ కంటే ఈ తరుగుదలే ఎక్కువ చెబుతుంది.

[తెరపై: కార్టెక్స్ అంచు, బాగా దగ్గరగా]

చిక్కంతా ఇక్కడే. గ్రే మ్యాటర్‌తో ఉండే మెదడు పైపొర, అంటే కార్టెక్స్, మందం సగటున 2.5 మిల్లీమీటర్లు. స్కాన్‌లో ఒక్కో గడి 1 మిల్లీమీటరు. అంటే మందమంతా రెండు మూడు గడులే! స్కాన్ జరిగే ఐదారు నిమిషాల్లో తల కాస్త కదిలితే అంచు మసకబారుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని "పలచబడింది" అని లెక్కేస్తుంది. ఆందోళనలో ఉన్నవాళ్లు ఎక్కువ కదులుతారు కాబట్టి జబ్బు లేకున్నా ఉన్నట్టు తేలొచ్చు. మధ్యలో మెషీన్ మార్చినా అంతే. అందుకే తలకి రెండు పక్కలా స్పాంజి మెత్తలు పెడతారు, అదే మెషీన్, అవే సెట్టింగులు వాడతారు, ఎవరి స్కానో తెలియకుండా ప్రతి చిత్రాన్నీ కంటితో తనిఖీ చేస్తారు. గంజాయి, ఈ జబ్బుకిచ్చే యాంటీసైకోటిక్ మందుల వాడకం కూడా రాసుకోవాలి, కొలతలు వాటివల్లా మారతాయి.

[తెరపై: 100 చుక్కలు]

ఇప్పుడు లెక్క. 80 శాతం కచ్చితత్వం ఉన్న పరీక్ష అనుకుందాం. జబ్బు రాబోయే 10 మందిలో 8 మందిని పట్టుకుంటుంది. రాని 90 మందిలో 18 మందికి కూడా "వస్తుంది" అంటుంది. భయపెట్టింది 26 మందిని, నిజంగా వచ్చేది 8 మందికి. ఇదే పరీక్ష కుటుంబంలో జబ్బు లేని 1000 మందికి చేస్తే (వాళ్లలో జబ్బు వచ్చేది సుమారు 10 మందికే), 206 మందిని భయపెట్టి 8 మందిని పట్టుకుంటుంది.

మొదటిసారి సైకోసిస్ (లేనివి వినిపించడం, లేనిపోని భ్రమలు) వచ్చినప్పుడు డాక్టరు ఎమ్మారై రాసేది స్కిజోఫ్రీనియాని వెతకడానికి కాదు, గడ్డలాంటి వేరే కారణమేదైనా ఉందేమో చూడటానికి.