నెలల పిల్లలతో ప్రయోగమా? ముందు కాటుక సంగతి చూడండి

నమస్కారం అండీ. టీకాకి తీసుకెళ్ళినప్పుడు పాపని బరువు చూసే మిషన్ మీద పడుకోబెడతారు కదా. పాప కాళ్ళు తన్నుకుంటూ ఉంటే అంకె ఒకచోట నిలబడదు. నర్సు కాసేపు ఆగి మళ్ళీ చూస్తుంది. మన ప్రయోగాల్లో ఆపాటి ఓపిక కూడా చాలాసార్లు ఉండదు. బెంగళూరులో సైకాలజీయో, స్పీచ్ అండ్ హియరింగో చదువుతూ మొదటిసారి నెలల పిల్లలతో ప్రాజెక్ట్ పట్టుకున్న మన తెలుగువాళ్ళ కోసం ఈ వీడియో.

ఎనిమిది నెలల పాపని "నీకేది నచ్చింది?" అని అడగలేం. ఎటు, ఎంతసేపు చూసిందో కొలుస్తాం. ఒకసారి "ఏమే బుజ్జీ, పాలు తాగావా?" అనే ముద్దుగొంతు వినిపిస్తాం, ఇంకోసారి పెద్దవాళ్ళతో మాట్లాడే మామూలు గొంతు. ఇలా ఒక్కోసారి వినిపించడాన్ని ట్రయల్ అంటాం. మామూలుగా పాప రెండు సెకన్లపాటు చూపు తిప్పేసుకుంటే ఆ ట్రయల్ ముగిసినట్టు. కానీ పాప చూసింది గొంతు కోసమేనా? ఫ్యాన్ తిరుగుతోంది, అమ్మ గాజులు మెరుస్తున్నాయి, ఆకలి కూడా వేస్తోందేమో.

పిల్లలకి ముద్దుగొంతే ఎక్కువ ఇష్టమా అన్న ప్రశ్న మీదే మెనీబేబీస్ అనే బృందం 67 ల్యాబుల్లో, 2,329 మంది పిల్లలతో చేసిన పని 2020లో అచ్చయింది. ముద్దుమాటలే పిల్లలకి ఎక్కువ ఇష్టమని తేలింది. కాకపోతే ఆ తేడా అంతకుముందు అచ్చయిన అధ్యయనాల్లో ఉన్నంత పెద్దది కాదు. పైగా కొలిచే పద్ధతిని బట్టి మారింది. పాప తల తిప్పి చూసే పద్ధతిలో ఎక్కువగా కనిపించింది.

"అయితే పిల్లల సంఖ్య పెంచుదాం" అంటారు. పెంచండి. కానీ ఒక్కో పాప దగ్గర తీసుకున్న కొలతే ఊగుతుంటే, ఆ స్కోరుని రెండేళ్ళకి ఆ పాప ఎన్ని మాటలు నేర్చిందన్న దానితో ముడిపెట్టాలనుకోవడం వృథా. ఒకసారి స్క్రీన్ చూడండి. మీ కొలత నిలకడ, అంటే రిలయబిలిటీ, 0.3 అనుకుందాం (పూర్తి నిలకడ ఉంటే 1). ట్రయల్స్ రెట్టింపు చేస్తే స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం 0.6ని 1.3తో భాగించాలి: 0.46. నాలుగింతలు చేస్తే 1.2ని 1.9తో: 0.63. లెక్క బాగుంది, కానీ పాప ఏడుపు సూత్రానికి తెలియదు! రెండు రోజులకి పంచుదామంటే, కేఆర్ పురం నుంచి ట్రాఫిక్‌లో పడి వచ్చినవాళ్ళని మళ్ళీ రమ్మనడానికి నోరు రాదు. నేనైతే ప్రాజెక్ట్‌లో రెండు ప్రశ్నలుంటే ఒకటి తీసేసి, ఆ సమయమంతా రెండోదానికే ఇస్తాను. గైడ్ ఒప్పుకోకపోతే ఈ లెక్క చూపించండి.

ఇక కాటుక. మొదట్లో నాకు తెలియక చాలా డేటా పోగొట్టుకున్నాను. చూపు ఎక్కడ పడుతోందో కొలిచే ఐ ట్రాకర్ కెమెరా కంటిపాప నల్లదనాన్ని పట్టుకుంటుంది. కనురెప్పల చుట్టూ కాటుక దట్టంగా ఉంటే దాన్నే కంటిపాప అనుకోవచ్చు. పాప బుద్ధిగా స్క్రీన్ వైపే చూస్తుంటుంది, మన ఫైల్‌లో చూపు గోడ మీద ఉంటుంది. ఇప్పుడు ముందురోజే ఫోన్ చేస్తున్నాను.

"అమ్మా, రేపు పాపకి కాటుక పెట్టకండి."

"అయ్యో, మా అత్తగారు ఒప్పుకోరండీ. దిష్టి తగలదూ?"

"దిష్టిచుక్క బుగ్గ మీద పెట్టండి, అరికాల్లోనూ పెట్టండి. కళ్ళకి మాత్రం వద్దు."

ఈ మాటకి అత్తగార్లు కూడా మెత్తబడతారు.

అదే ఫోన్‌లో ఇంట్లో ఏ భాష అని అడిగితే "తెలుగేనండీ" అంటారు. అక్కడితో ఆగకండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పాప ఎవరి దగ్గర, ఎంతసేపు ఉంటుందో గంటల లెక్కన అడగండి. అప్పుడు బయటికొస్తుంది, కన్నడ మాట్లాడే ఆయా దగ్గర ఐదు గంటలని!

పాప అమ్మ ఒళ్ళో ఉంటుంది కాబట్టి అమ్మ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి పాటలు వినిపించండి. లేకపోతే ముద్దుగొంతు వినగానే ఆవిడ మోకాలు తెలియకుండానే ఊగుతుంది, పాపకి అదే సైగ. ప్రయోగంలో తీసిన వీడియో చూసి పాప చూపులు లెక్కపెట్టే ఇద్దరూ సౌండ్ తీసేసి, విడివిడిగా చెయ్యాలి. ఎంత ఏడిస్తే ఆ పాప డేటా తీసెయ్యాలన్నది మొదటి పాప రాకముందే రాసి పెట్టుకోండి. ఫలితం చూశాక పెట్టే నియమం మనకి అనుకూలంగానే ఉంటుంది మరి.

ఇప్పుడు మీ ఎక్సెల్ తెరవండి. ఒక్కో పాపకి ఒక వరస. బేసి ట్రయల్స్‌లో ముద్దుగొంతుకీ మామూలు గొంతుకీ వచ్చిన తేడా ఒక కాలమ్‌లో, సరి ట్రయల్స్‌లో వచ్చిన తేడా పక్క కాలమ్‌లో వెయ్యండి. ఒక్కో సగంలోనూ రెండు గొంతులూ సమానంగా పడ్డాయో లేదో చూసుకోండి. తర్వాత రెండు కాలమ్స్‌కీ కోరిలేషన్, అంటే రెండూ ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె, తియ్యండి. వచ్చేది సగం ట్రయల్స్ నిలకడే కాబట్టి, ఇందాకటి రెట్టింపు లెక్క దానికి వేస్తే మొత్తం ట్రయల్స్ నిలకడ వస్తుంది. ఎంత తక్కువ వచ్చినా సరే, ఆ అంకె రిపోర్ట్‌లో రాయండి.